పటాన్ని చట్రంతోనే ఉంచండి

శ్రీకాకుళం జిల్లా మూలపేట పోర్టుకి 2023లో శంకుస్థాపన జరిగింది. పోర్టు కోసం ఇల్లు మారే కుటుంబాలకి నా మనవి ఒక్కటే: పాత ఫొటోల్ని సెల్‌ఫోన్లో తీసుకుని పటాల్ని పారేయకండి. ఆ రోజుల్లో ఫొటో దిగడమంటే ఇంట్లో ఉన్న మంచి వస్తువుల్ని పక్కన పెట్టుకుని కూర్చోవడమే. తాత భుజాన పొందూరు ఖద్దరు ఉందేమో, బల్ల మీద బుడితి ఇత్తడి చెంబు ఉందేమో చూడండి. మనిషి పేరు మరిచిపోయినా నేత, పోత కనిపిస్తూనే ఉంటాయి. వడ్రంగి మూలలు కలిపి బిగించిన కర్ర చట్రమూ ఆ ఫొటోలో భాగమే. 2018 తిత్లీ తుపానుకి తడిసి అద్దానికి అతుక్కుపోయిన ఫొటోని లాగొద్దు, పైపొర ఊడి ముఖమే పోతుంది. అద్దంతోనే స్కాన్ చేయించండి, వెనక అట్ట మీది స్టూడియో ముద్రతో సహా. కొత్త కాలనీలో ఈ పటాలకి ప్రభుత్వం ఒక గది కట్టివ్వాలి.