పెద్దల బడికి పెద్దరికం
పెద్దలకు చదువు చెప్పేవారు ముందు వాళ్ల మాట వినాలి. పగలంతా కూలి చేసి, ఇల్లు చక్కబెట్టి వచ్చినవాళ్లను పసిపిల్లల్లా గదమాయిస్తే మర్నాడు బడి మొహం చూడరు. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమం ఆడవాళ్ల బతుకునే పాఠం చేసింది. సారా సంసారాలను ఎలా కూలుస్తోందో వాళ్లు చదివారు, అంతకన్నా ముఖ్యంగా, నలుగురిలో నోరు విప్పి మాట్లాడారు. ఆ జిల్లాలోని దూబగుంట మహిళలు తమ ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ కదలిక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలైంది. నా దృష్టిలో పాఠం చెప్పేవారి నాయకత్వమంటే అదే: నేర్చుకునేవాళ్ల బతుకునే పాఠం చేసి, వాళ్లను మాట్లాడనివ్వడం. రాత్రిబడిలోనైనా, కంప్యూటర్ తరగతిలోనైనా పెద్దలకు నేర్పేవారికి నా మనవి: మొదటిరోజు పుస్తకం తెరవకముందే, మీకేం కావాలో చెప్పండని వాళ్లను అడగండి.