చేపలో ఎంతుందన్నది సగం లెక్కే

‘భావనపాడు చేపలు తినొచ్చా డాక్టరుగారూ?’ ఓపీలో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. పక్కనే ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. సంతబొమ్మాళి మండలంలోనే మూలపేట పోర్టు వస్తోంది. భయం సహజం. నా జవాబు మాత్రం ‘తినండి’ అనే. అయితే ఏ చేప, ఎంత, వారానికి ఎన్నిసార్లు, ఎవరు తింటున్నారన్నది చూసుకోవాలి.

భార లోహాల ముప్పును లెక్కగట్టే పద్ధతి కష్టమైందేమీ కాదు. ఆహారంలో లోహం ఎంతుందో, దాన్ని మనం ఎంత తింటున్నామో గుణించి, మన బరువుతో భాగించాలి. చేపల్లో చేరే మిథైల్ మెర్క్యురీ కిలో శరీర బరువుకు వారానికి 1.6 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణుల సంఘం చెప్పింది. అరవై కిలోల మనిషికి ఇది 96 మైక్రోగ్రాములు.

ఉదాహరణకు, కిలో చేపలో 100 మైక్రోగ్రాములు ఉందనుకుందాం. పట్నంలో మీరు ఆదివారం 300 గ్రాములు తింటే ఒంట్లోకి వెళ్లేది 30. అదే చేపను రోజూ 200 గ్రాములు తినే మత్స్యకారుడికి వారానికి 140. పదిహేను కిలోల పాప హద్దు 24 మాత్రమే. రోజుకు 50 గ్రాములు తిన్నా 35 అవుతుంది. చేప ఒకటే, ముప్పు మాత్రం వేరు. ల్యాబు చేపను ‘పాస్’ చేసినంత మాత్రాన తినే మనిషి పాసైనట్టు కాదు.

అందుకే పోర్టులో ఓడలు తిరగకముందే ఈ తీరంలో ఆహార సర్వే జరగాలంటాను. పోర్టు వల్ల చెరుపు జరుగుతుందని నేననడం లేదు. రేపు ఏదైనా అనుమానం వస్తే పోల్చి చూసుకోవడానికి నేటి లెక్క చేతిలో ఉండాలి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో పడిపోయారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. అనుమానం పురుగుమందుల మీదికీ వెళ్లింది. అంతకుముందు ఆ ఊరివాళ్ల రక్తంలో ఏం ఎంతుందో తెలిసి ఉంటే వెతుకులాట సులువయ్యేది.

సర్వే అంటే నాలుగు చేపలు పట్టుకెళ్లి పరీక్షించడం కాదు. ఇంటింటికీ వెళ్లి నిన్న ఏం తిన్నారో తూకంతో సహా రాసుకోవాలి. బియ్యం, తాగే నీళ్లు, కూరగాయలు కూడా లెక్కలోకి రావాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో మళ్లీ అడగాలి. అప్పుడు ఎండుచేపల వంతు. నీరు ఆరిపోయిన చేపలో గ్రాముకు లోహం ఎక్కువే ఉంటుంది. కొందరి రక్తం, వెంట్రుకలు కూడా పరీక్షించాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వంటివి ఇందుకు ఉన్నాయి. ప్రభుత్వం అడగడమే తరువాయి.

ఈలోగా మీ ఇంట్లో పాటించాల్సినవి కొన్ని. కవళ్లు, నెత్తళ్లు లాంటి చిన్న చేపల్లో పాదరసం తక్కువ, వాటిని నిశ్చింతగా తినండి. చిన్న చేపలను తిని పెరిగే సొర లాంటి పెద్ద చేపల్లో అది పేరుకుంటుంది, వండినా పోదు. గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు సొరకు దూరంగా ఉండటం మేలు. పాలు పడతాయని బాలింతకు పాలసొర పెట్టే అలవాటు మనకుంది. పెద్దలు ప్రేమతో పెట్టేదే అయినా, దాని బదులు చిన్న చేపల పులుసు పెట్టమనండి. అన్నం ఎక్కువ నీళ్లతో వండి గంజి వారిస్తే ఆర్సెనిక్ కొంత తగ్గుతుంది.

చేప మానేయడం మాత్రం పరిష్కారం కాదు. చవకగా దొరికే మంచి మాంసకృత్తులు, మెదడుకు మేలుచేసే కొవ్వులు అందులోనే ఉన్నాయి. తీరంలో రోజూ చేపే కూరగా తినే కుటుంబానికి దాన్ని తినొద్దని చెప్పే ముందు, ఎంతవరకు తినొచ్చో లెక్కగట్టి చెప్పడం మన బాధ్యత.