సూది పట్టిన చేయి

సీతమ్మధారవంటి చదువరుల పేటలలో నొక వింత న్యాయము నడచుచున్నది. బిడ్డ బొమ్మ గీసినచో గోడకు వ్రేలాడదీయుదురు, ఆ యూహతోనే గుడ్డ కత్తిరించి రవిక కుట్టుకొన్నచో "దర్జీపని మనకేల?" యందురు. కొన్నది గౌరవము, కుట్టుకొన్నది లేమి యట! ఈ మాటకు మూలము చేతిపనివారియెడ మనకు గల పాత చులకనయే.

యంత్రములను శంకించిన గాంధీగారే 1924లో కుట్టుమిషనును మినహాయించి మెచ్చుకొనిరి. శ్రీకాకుళము జిల్లా పొందూరులో వాలుగచేప దవడయెముకతో పత్తి నేకి సన్నని నూలు వడకుదురు. ఆ ఖద్దరును పొగడి, దానిని కుట్టు చేతిని తక్కువ చేయుట యే ధర్మము?

2013లో ఢాకాచెంత రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా మరణించిరి. వారిలో పెక్కురు పరదేశపు అంగళ్లకు దుస్తులు కుట్టు స్త్రీలు. ఒక్క చొక్కా స్వయముగా కుట్టినవారికి, చౌకధరలో నెవరి కూలి తరిగినదో తెలియకపోదు.

"చదువు చెడు"నందురా? కొలతయు లెక్కయు లేక కుట్టు లేదు. చంక కోత తప్పినచో గుడ్డయే చెప్పును. విప్పి మరల కుట్టవలయును. ఇంతకన్న సూటియైన గురువెవరు?

కావున గృహస్థులారా, కత్తెరను, టేపును, మిషనును కూతునకే కాదు, కొడుకునకును ఇండు. వారు కుట్టినది వంకరయైనను పండుగనాడు కట్టనిండు.