ఆటకా, చదువుకా?

సికింద్రాబాదులో పార్కులేను వీథియందు చెనాయ్ ట్రేడ్ సెంటరను పెద్ద కట్టడము కలదు. అందు కంప్యూటర్లు విక్రయించు నంగళ్లు పెక్కులు. బిడ్డను వెంటబెట్టుకొని యచ్చటికి పోయిన తండ్రికి మొదట నెదురగు ప్రశ్న యిది: "ఆటలకా, చదువుకా?" ఆటలకైనచో నొక యంత్రము, చదువునకైనచో మఱియొక యంత్రము. తండ్రి వెంటనే "చదువుకే" యని గట్టిగా పలుకును. బిడ్డ తల వంచుకొనును. అంగడివానియందు దోషము లేదు. యంత్రపు శక్తిని, వెలను నిర్ణయించుటకై వాడట్లు అడుగుచున్నాడు. ఆ ప్రశ్నను మూటగట్టి యింటికి తెచ్చుకొని, దానినొక ధర్మసూత్రముగా నెంచి, ఆట యున్నచోట చదువుండదనియు, చదువున్నచోట ఆట యుండరాదనియు పిల్లలను శాసించు మనయందే దోషమున్నది.

ఆట వ్యసనమగునన్న మాటను నేను కాదనను. అర్ధరాత్రి వఱకు ఫోనును విడువక, అన్నమునకు పిలిచినను పలుకని పిల్లలు ప్రతి వీథిలోను గలరు. కాని ఆడుట వేఱు, ఆటను నిర్మించుట వేఱు. పిండివంట తినువానికి నాలుక చాలును. వండువానికి పాళ్లు, పాకము, నిప్పుసెగ తెలియవలెను. పసివాడు ఏడ్చినపుడు వాని నూరకుంచుటకై చేతికి ఆటను ఇచ్చినవారము మనమే. వాడే పదేండ్లవాడై వచ్చి, "ఈ యాటను ఎట్లు చేసిరి? నేర్పు పుస్తకమున్నదట, కొనిపెట్టు నాన్నా" యని యడిగినచో, "ముందు పరీక్షలు కానిమ్ము" అందుము. తినిపించుటకు సిద్ధము, వంట నేర్పుటకు మాత్రము వెనుకాడుదుము. ఇంతకంటె వింత కలదా?

ఆ పుస్తకమును విప్పి చూడనివారే దానిని నిందించుచున్నారు. ఆరంభకులకై వ్రాసిన యిట్టి గ్రంథములలో మొదటి యాట తఱచుగా అంకెను ఊహించు నాట. యంత్రము 1 మొదలు 100 వఱకు గల యంకెలలో నొకదానిని దాచుకొనును. ఆడువాడు చెప్పిన యంకెకు "ఎక్కువ", "తక్కువ" యని బదులు చెప్పును. దీనిని పైథాన్ భాషలో వ్రాయుటకు ఇరువది పంక్తులు చాలును. దాచిన యంకెకు ఒక పేరు పెట్టవలెను. చెప్పిన యంకెతో దానిని పోల్చవలెను. సరిపోవు వఱకు అడిగినదే మరల నడుగునట్లు చేయవలెను. పేరు, పోలిక, ఆవృత్తి, ఈ మూడును ప్రోగ్రామింగు విద్యకు పునాదిరాళ్లు. పిమ్మట బిడ్డ తన యాటను తానే యాడి, 50తో మొదలుపెట్టి ప్రతిమారును మిగిలినవానిని సగము చేయుచు పోయినచో ఏ యంకెయైనను ఏడు ఊహలలో దొరకితీరునని కనుగొనును. ఏలయన ఏడు రెండ్లను వరుసగా గుణించిన 128 అగును; నూఱు అందులో నిముడును. ఘాతములను వల్లించిన పిల్లలకు ఏడాదికైన పట్టుబడని సంగతి, ఆట చేసిన బిడ్డకు ఒక సాయంకాలమున పట్టుబడును. ఇది చదువు కాదా?

మఱియొక సుగుణము గలదు. పంక్తి చివర నుండవలసిన రెండు చుక్కలు మఱచినచో ప్రోగ్రాము నడువదు. ఎచ్చట తడబడినదో యంత్రమే చూపును. బిడ్డ మరల పుస్తకము చూచి, తన తప్పును తానే వెదకి దిద్దుకొనును. యంత్రము కోపింపదు, బెత్తము పట్టదు, తోడిపిల్లల యెదుట నవ్వదు. నీదే కులమని యడుగదు. ఆడపిల్లకిది యేల యనదు. అనువారము మనమే. ఇంట నొక్క కంప్యూటరే యున్నచో అది అన్న బల్లపై నుండుటయు, చెల్లెలు అనుమతి వేడి తాకవలసివచ్చుటయు నేటికిని చూచుచున్నాము. స్త్రీవిద్యను గూర్చి సభలలో మాటలాడు పెద్దలు తమ యింటి బల్లను ఒకసారి చూచుకొందురుగాక.

పుస్తకము చూచి ఆటలు చేయుట నిన్నమొన్నటి వింత కాదు. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలయందు కెమెనీ, కర్ట్‌జ్ అను నుపాధ్యాయులు సామాన్య విద్యార్థులకై బేసిక్ అను భాషను కల్పించిరి. 1973లో డేవిడ్ ఆల్ అనునతడు ఆ భాషలోని 101 ఆటలను సమకూర్చి గ్రంథముగా ప్రకటించెను. కూర్పులు మారుచు అది పది లక్షల ప్రతులకు మించి చెల్లెను. 1980 తరువాత ఇంగ్లండులో అస్‌బర్న్ ప్రచురణకర్తలు పసివారికై బొమ్మలతో నిట్టి పుస్తకములు వేసిరి. అచ్చటి బిడ్డలు వానిని ముందు పెట్టుకొని, ఇంటనే కూర్చుండి నేర్చిరి. వారికి గలిగి, మన బిడ్డలకు లేని సౌకర్య మొక్కటే: ఆ పుస్తకములు వారి తల్లి మాటలాడు భాషలో నుండెను.

మన మాటకు వత్తము. భారతదేశపు గేము నిర్మాతల మహాసభలు 2023లోను, 2024లోను హైదరాబాదులోనే జరిగినవి. అట్టి నగరమున, తెలుగు బడిలో చదువు పండ్రెండేండ్ల బిడ్డ తానై చదివి ఒక ఆటను చేయదగిన తెలుగు పుస్తకమునకై మీ వీథి గ్రంథాలయమున వెదకి చూడుడు. పోటీపరీక్షల పుస్తకములు గోడయెత్తున కనబడును. మన పుస్తకముండవలసిన చోట ధూళి కనబడును.

"ప్రోగ్రామింగు భాషయే ఇంగ్లీషుగదా, తెలుగు పుస్తక మేల?" యని కొందఱందురు. లెక్క చూతము. పైథాన్ భాష తనకై కేటాయించుకొన్న మాటలు 35 మాత్రమే. మూడవ తరగతి బిడ్డ వారము దినములలో వానిని గుర్తుపట్టగలదు. 2008లో వెలువడిన పైథాన్ 3 మొదలు, మనము పెట్టుకొను పేర్లను తెలుగు లిపిలోనే వ్రాయవచ్చును. బిడ్డకు అడ్డుగోడ యైనది ఆ 35 మాటలు కావు; వానిని వివరించు మూడువందల పుటల ఇంగ్లీషు. ఆ గోడకు తల కొట్టుకొని వెనుదిరిగిన బిడ్డ, "నాకు ఇంగ్లీషు రాదు" అనుకొనదు. "నాకు తెలివి లేదు" అనుకొనును. ఈ యొక్క అపోహ యెన్ని జీవితములను చిన్నబుచ్చుచున్నదో తల్లిదండ్రులు యోచింపవలెను.

"శాస్త్రము తెలుగున నిలువదు" అనువారు చరిత్ర నెఱుగరు. పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితమును తెలుగు పద్యములలో చెప్పి తొమ్మిదివందల యేండ్లు దాటినది. తెలుగునకు ఆదరము కఱవైన నిజాము రాజ్యములోనే 1905లో సికింద్రాబాదున ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయము వెలసినది. మఱుసటి యేడు హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలి పుట్టి, చరిత్రలను, ప్రకృతిశాస్త్రములను తెలుగు వచనమున ప్రకటించినది. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున వైద్యమును, ఇంజనీరింగును సైతము ఉర్దూలో బోధించిరి. తెలుగు బిడ్డకు అది తల్లిభాష కాకపోవుట అన్యాయమే; కాని దేశభాషలో ఆధునికశాస్త్రము చెప్పవచ్చునని ఆ విద్యాలయమే ఋజువు చేసినది. వారు తర్జుమా కార్యాలయము పెట్టి గ్రంథములు సిద్ధపఱచిరి. మనము సాకులు సిద్ధపఱచుచున్నాము.

ఇంకొక క్రొత్త సాకు వచ్చినది: "కృత్రిమమేధయే ప్రోగ్రాములు వ్రాయుచున్నది, పిల్లలు నేర్చుట యెందుకు?" కూడికలు చేయు యంత్రము వచ్చినదని ఎక్కములు మానిపించితిమా? యంత్రము వ్రాసినదానిలో తప్పు పట్టవలెనన్న, పట్టువానికి విద్య తెలియవలెను.

కావున నేను కోరునది స్వల్పము. మన నగరములో ప్రోగ్రామింగుతో జీవించు తెలుగువారు వేలకొలది గలరు. వారిలో నలుగురు కూడి ఒక పుస్తకము వ్రాయుదురుగాక. వామనగుంటలకు పదునాలుగు గుంటలు. పదునాలుగు సంఖ్యల పట్టీని నేర్పుటకు అంతకంటె మంచి యుదాహరణ మేది? అష్టాచెమ్మా గవ్వలతో యాదృచ్ఛిక సంఖ్యలను, పులిజూదముతో ఎత్తుల న్యాయమును నేర్పవచ్చును. నోరు తిరుగని సంస్కృతసమాసములు కల్పించి బిడ్డను బెదరింపవలదు. కంప్యూటరును కంప్యూటరనియే వ్రాయుడు. స్వయముగా వ్రాయ నోపిక లేనివారికిని దారి యున్నది. ఆల్ స్వైగార్ట్ అను రచయిత పైథానుతో ఆటలు నేర్పు తన గ్రంథమును, లాభాపేక్ష లేక, తన పేరు చెప్పి, అవే షరతులతో ఎవ్వరైనను మార్చి పంచుకొనుట కనుమతించినాడు. గ్రంథాలయాధికారులు అట్టి పుస్తకమును, దానిప్రక్క నొక పాత కంప్యూటరును ఉంచుదురుగాక. తల్లిదండ్రులు దినమున కొక గంట ఆ బల్లను కుమార్తెకును విడుతురుగాక.

ఈ మారు పార్కులేనులో అంగడివాడు "ఆటలకా, చదువుకా?" యని యడిగినపుడు, బిడ్డవంక చూచి, "ఆటలు చేయు చదువుకు" అని చెప్పుడు. బిడ్డ తల యెత్తును.