నోటీసు చదవలేని చదువు

పోయిన ఎండాకాలం మా ఊళ్లో జరిగిన సంగతి ఇది. భూముల రీసర్వే తరువాత ఒక పెద్దాయన ఇంటికి నోటీసు వచ్చింది. ఆయనకు చదువు రాదు. మనవడు 9వ తరగతి. ఫోను చేతికిస్తే వాడికి తెలియని పని లేదు. పీఎం కిసాన్ ఈకేవైసీ దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా వీధిలో సగం మందికి వాడే చేసిపెడతాడు.

"ఇదేందో చదివి చెప్పు అబ్బయ్యా" అని తాత కాగితం ఇచ్చాడు. వాడు 'విస్తీర్ణం' దగ్గర ఆగాడు. 'అభ్యంతరం' దగ్గర మళ్లీ ఆగాడు. చివరికి కాగితాన్ని ఫొటో తీసి ఫోను చేతే చదివించాడు. ఫోను గడగడా చదివేసింది. తాతకు సగం అర్థం కాలేదు, మనవడికి ఏమీ అర్థం కాలేదు. "ఏం లేదు తాతా, మన పొలం సర్వే అయిందంట" అని చెప్పి కాగితాన్ని దేవుడి పటం వెనక పెట్టాడు.

ఆ కాగితంలో 2 ఎకరాల 14 సెంట్లకు బదులు 2 ఎకరాల 4 సెంట్లు పడింది. అభ్యంతరం ఉంటే ఏ తేదీలోపల చెప్పుకోవాలో కూడా అందులోనే ఉంది. మేము వేరే పని మీద ఆ ఇంటికి పోయి కాగితం చూసేసరికి గడువు దాటి 12 రోజులైంది. ఆ పది సెంట్ల కోసం పెద్దాయన ఇప్పటికీ అర్జీలు పట్టుకుని తిరుగుతున్నాడు.

ఆ పిల్లవాడిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వాడు తెలివైనవాడు, తొమ్మిదేళ్లు బడికి పోయినవాడు. అయినా తన ఇంటికి వచ్చిన కాగితం చదవలేకపోయాడంటే లోపం ఎక్కడుందో మనమంతా కూర్చుని ఆలోచించాలి.

మాలో కొందరం 1991లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లం. మా నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరుగుతున్న రోజులవి. రాత్రి భోజనాలయ్యాక లాంతరు పెట్టుకుని, నాట్లేసి వచ్చిన అమ్మలకు, అక్కలకు పలక మీద అక్షరాలు దిద్దించాం. వాళ్ల వాచకంలో సారా మీద తిరగబడిన ఆడవాళ్ల కథ ఒకటి ఉండేది. ఒక్కో మాట కూడబలుక్కుని చదివారు. చదివినదాన్ని తమ ఇంటితో పోల్చుకున్నారు. దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాన్ని అడ్డుకున్నారు. అది జిల్లా అంతా పాకింది. 1993లో రాష్ట్రమంతటా సారాను నిషేధించక తప్పలేదు.

అప్పుడు వాళ్ల దగ్గర ఉన్నది ఒక పలక, ఒక పుస్తకం, అంతే. ఆ అక్షరం వాళ్లను ఆగి ఆలోచించేలా చేసింది. ఆరోజు వేలిముద్ర మాని సంతకం నేర్చుకున్న తల్లులే ఈరోజు రేషనుకు, పింఛనుకు మళ్లీ మిషను మీద వేలు పెడుతున్నారు. కాలం మారింది, కాదనలేం. కానీ వాళ్ల మనవళ్లకైనా చదువు పట్టుబడిందా అన్నదే మన ప్రశ్న.

ఇంట్లో ఏం జరుగుతోందో చూడండి. పసిబిడ్డ అన్నం తినాలంటే ఫోను. ఏడుపు మానాలంటే ఫోను. ఇచ్చేది మనమే. కాస్త పెద్దయ్యాక ఏదన్నా వెతకాలంటే నోటితో చెబుతాడు, ఫోను వెతికి వీడియో చూపిస్తుంది. స్నేహితుడికి మెసేజ్ పెట్టాలంటే తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తాడు. అంటే పొద్దున్నుంచి రాత్రి దాకా ఫోను పట్టుకున్నా ఒక్క తెలుగు ఒత్తు రాయాల్సిన పని, ఒక్క పేరా చదవాల్సిన పని వాడికి పడదు.

మన లిపిలో గుణింతాలు, ఒత్తులు చేతికి, కంటికి బాగా అలవాటు కావాలి. అక్షరం అక్షరం కూడబలుక్కునే పిల్లవాడు వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతాడు. అది పోవాలంటే రోజూ చదవడం ఒక్కటే మార్గం. పుస్తకంలో అర్థం కాకపోతే ఆగుతాం, వెనక్కి పోయి మళ్లీ చదువుతాం. వీడియోలో ఒకటి కాకపోతే ఇంకోటి, వేలితో పైకి తోసేస్తే సరి.

ఇది ఒక్క మా ఊరి బాధ కాదు. దేశమంతటా గ్రామాల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే 2024 లెక్కలు చూడండి. 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో నూటికి 90 మందికి కాస్త అటూఇటుగా ఇంట్లో స్మార్ట్‌ఫోను ఉంది. దాన్ని వాడడం తెలిసిన పిల్లల్లో అంతకుముందు వారం చదువు కోసం వాడినవాళ్లు నూటికి 57 మంది, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 మంది. ఇక ప్రభుత్వ బడుల్లో 5వ తరగతి పిల్లల్లో 2వ తరగతి పాఠం చదవగలిగినవాళ్లు నూటికి 45 మంది. 2022లో 38 మంది ఉంటే ఇప్పుడు ఇంత. పెరిగిందని సంతోషిద్దాం. కానీ సగం మందికి పైగా ఇంకా చదవలేకపోతున్నారన్న మాట మరవొద్దు.

మరి బడిలో? మన రాష్ట్రంలో 2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లలకు ట్యాబులిచ్చారు. అందులో పాఠాలు ఒక ప్రైవేటు కంపెనీవి. ఆ కంపెనీ 2024లో దివాళా విచారణ దాకా పోయింది. విత్తనం కంపెనీ చేతిలో పెడితే ఏమవుతుందో రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పాఠం కూడా అంతే. తరగతి గదుల్లో పెద్ద పెద్ద తెరలు కూడా వచ్చాయి. అయితే 3వ తరగతిలో చదవడం రాని పిల్లవాడికి 8వ తరగతిలో ట్యాబు ఇస్తే అది సినిమా చూసుకోవడానికే పనికొస్తుంది. మొక్కై వంగనిది మానై వంగునా?

ఉపాధ్యాయుల సంగతి ఇంకోటి. 2022 ఆగస్టు నుంచి ముఖం ఫొటోతో హాజరు వచ్చింది. భోజనం ఫొటో, మరుగుదొడ్డి ఫొటో, అన్నీ యాప్‌లోకి ఎక్కించమన్నారు. సిగ్నలు లేకపోతే గేటు దగ్గర నిలబడాలి. పిల్లవాడి పక్కన కూర్చుని "ఇది చదువు నాయనా" అని వేలు పెట్టి చూపించాల్సిన మనిషి ఫోను పట్టుకుని తిరుగుతుంటే చదువు ఎక్కడినుంచి వస్తుంది?

అలాగని మేము ఫోనును, కంప్యూటరును బావిలో పడేయమనడం లేదు. కరోనా కాలంలో బడులు మూతపడ్డప్పుడు టీవీ పాఠాలు, ఫోను పాఠాలే కొంతమందికైనా దిక్కయ్యాయి. ఢిల్లీలో బడి అయ్యాక పిల్లలకు వాళ్ల స్థాయికి తగ్గ పాఠాన్ని కంప్యూటరు మీద నేర్పి చూశారు. నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ బాగా మెరుగుపడ్డారని 2019లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అక్కడ కూడా ఆ పిల్లలతో కూర్చోబెట్టి చదివించే మనుషులున్నారు. ఇంకోపక్క, బడుల్లో కంప్యూటర్లు ముందే పెట్టుకున్న స్వీడన్ 2023లో మళ్లీ అచ్చు పుస్తకాలకు ప్రత్యేకంగా డబ్బు కేటాయించింది. యంత్రం మంచిదా చెడ్డదా అన్న వాదన మనకు అక్కర్లేదు. ట్రాక్టరు మంచిదే, అయితే దున్నాల్సిన చోట దున్నాలి, నారుమడి తొక్కించకూడదు.

ప్రభుత్వాన్ని మనం అడగాల్సినవి ఇవి.

ఒకటి, 3వ తరగతి పూర్తయ్యేలోగా ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం రావాలని, 2026-27 కల్లా అది సాధిస్తామని 2021లో నిపుణ్ భారత్ పేరుతో కేంద్రం చెప్పింది. అది మన ఊరి బడిలో ఎంతవరకు వచ్చిందో తల్లిదండ్రుల ముందు చెప్పాలి. పిల్లల చేత చదివించి చూపాలి.

రెండు, ఉపాధ్యాయుల మీద యాప్‌ల పని తగ్గించాలి. ఆ సమయం పిల్లలకు ఇవ్వాలి.

మూడు, ఫోను పాఠాలు ప్రభుత్వం సొంతంగా, మంచి తెలుగులో తయారుచేయాలి. కంపెనీల చేతిలో పెట్టకూడదు.

నాలుగు, మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంది. ఆ డబ్బుకు మన ఊళ్లో పుస్తకం కనపడాలి.

ఐదు, రైతుకు ఇచ్చే నోటీసు రైతుకు అర్థమయ్యే తెలుగులో ఉండాలి. 'మీ పొలం ఇంత అని రాశాం, తప్పైతే ఫలానా తేదీలోగా చెప్పండి' అని పెద్ద అక్షరాల్లో వేస్తే ఎవరి సొమ్ము పోతుంది?

అడగడంతో మన పని అయిపోదు. సంక్రాంతి తరువాత నుంచి మా సంఘం గదిలో బుధవారం, శనివారం సాయంత్రం గంటసేపు పిల్లల్ని కూర్చోబెడుతున్నాం. 14 మంది వస్తున్నారు. వాచకాలతోపాటు మన కాగితాలు కూడా చదివిస్తున్నాం. బ్యాంకు పాసుపుస్తకం, విత్తనాల సంచి మీద తేదీ, పురుగుమందు డబ్బా. ఎర్ర త్రికోణం ఉంటే అన్నిటికన్నా ఎక్కువ విషమని రంగు చూసి చెప్పొచ్చు. కానీ ఎకరాకు ఎంత కొట్టాలి, కొట్టాక ఎన్నిరోజులు కోయకూడదు అన్నది చదివితేనే తెలుస్తుంది. సంఘం వాట్సాప్ గ్రూపులో తెలుగును తెలుగు అక్షరాల్లోనే రాయాలని పెట్టుకున్నాం. ఆ మెసేజ్‌లు పిల్లల చేతే టైపు చేయిస్తున్నాం. ఫోనుతో అక్షరం నేర్పడం అంటే మాకు తెలిసింది ఇదే. మొదట్లో పెద్దవాళ్లే నసిగారు, ఇప్పుడు అలవాటైంది.

మొదట చెప్పిన పిల్లవాడు కూడా వస్తున్నాడు. తాత కొత్త అర్జీ పోయిన నెల వాడే కాగితం మీద రాశాడు. మూడుసార్లు చించి మళ్లీ రాశాడు. 'విస్తీర్ణం'లో ఒత్తు ఇప్పటికీ తప్పే పడింది, దిద్దించి పంపాం. పది సెంట్లు ఇంకా రాలేదు.

వచ్చే నెల గ్రామ సమావేశాలకు వచ్చేటప్పుడు మీ ఇంట్లో చదువుకునే పిల్లనో పిల్లవాడినో వెంట తీసుకురండి. సమావేశం ఎజెండా వాళ్ల చేతే చదివిద్దాం. తడబడితే ఎవరూ నవ్వొద్దు. ఆగి మళ్లీ చదవమందాం.