నింపిన గడులు ప్రింట్‌లో ఖాళీగా ఎందుకొస్తాయ్?

స్క్రీన్ మీద మీ పేరుంది, నాన్న పేరుంది, పుట్టినతేదీ కూడా ఉంది. జిరాక్స్ షాపులో ప్రింట్ తీస్తే గడులన్నీ ఖాళీ! ఎమ్మిగనూరులో బస్సెక్కి దాదాపు 30 కిలోమీటర్లు వచ్చి, ఆదోని డివిజన్ ఆఫీసు దగ్గర కవర్ తెరిచాక ఇది బయటపడితే? అదీ లాస్ట్ డేట్ రోజున?

అందరూ ముందు తిట్టేది ప్రింటర్‌ని. చాలాసార్లు పాపం దాని తప్పేం ఉండదు.

పీడీఎఫ్ ఫారంలో గీతలు, అక్షరాలు పేజీలో అచ్చయి ఉంటాయి. మీరు టైప్ చేసే గడి మాత్రం ఆ పేజీ మీద అతికించిన వేరే పొర. ఆ పొరకి ‘ప్రింట్’ అని ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తు లేకపోతే స్క్రీన్ మీద ఎంత చక్కగా కనిపించినా సరే, కాగితం మీదకి రాకూడదనేదే పీడీఎఫ్ రూలు. అంటే ఫారం తయారుచేసినవాళ్లు ఒక్క టిక్కు మర్చిపోతే, తిరిగేది మనం.

షాపుకి వెళ్లకముందే పట్టుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. ఫారం నింపాక ఫోన్‌లోనే ప్రింట్ నొక్కి, ప్రింటర్ బదులు ‘సేవ్ యాజ్ పీడీఎఫ్’ ఎంచుకోండి. అక్కడ కనిపించే ప్రివ్యూ చూడండి. మీరు రాసినవి ఉన్నాయా? ఆ కొత్త ఫైలే సేవ్ చేసి షాపుకి వాట్సాప్ చేయండి. అందులో సాధారణంగా గడులుండవు, అక్షరాలు పేజీలో కలిసిపోయి ఉంటాయి. కాబట్టి షాపు కంప్యూటర్‌లో మాయమయ్యే భయం తక్కువ. ప్రివ్యూలోనే ఖాళీగా ఉంటే ఖాళీ ఫారమే ప్రింట్ తీసి పెన్నుతో నింపేయండి. స్క్రీన్‌షాట్ తీస్తే అక్షరాలు వస్తాయి గానీ మసకగా ఉంటాయి, సైజూ మారుతుంది. అది ఆఖరి దారి.

తెలుగులో నింపేవాళ్లకి ఇంకో తంటా. గడికి పెట్టిన ఫాంట్‌లో తెలుగు లేకపోతే అక్షరాల బదులు డబ్బాలొస్తాయి. డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టిన పేరు కాపీ చేసి అతికిస్తే పిచ్చి గుర్తులే. అది యూనికోడ్ కాదు మరి. ఫోన్ కీబోర్డుతో నేరుగా టైప్ చేయడమే మేలు.

ఇక ఫారాలు తయారుచేసే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి. కాలేజీ ఫెస్ట్‌కో, చేనేత సంఘానికో మీరే చేస్తుంటే అక్రోబాట్‌లో గడి ప్రాపర్టీస్ తెరిచి ‘విజిబుల్’ అని ఉందో లేదో చూడండి. దాని పక్కనే ‘విజిబుల్ బట్ డజంట్ ప్రింట్’ అని ఇంకోటి ఉంటుంది, కొంప ముంచేది అదే. లేటెక్‌లో చేసేవాళ్లయితే గడి వివరాల్లో ‘ఎఫ్’ విలువ 4 ఉందో లేదో చూసుకోవాలి. ఆ 4 అంటేనే ‘ప్రింట్ చెయ్’ అని. ఫారం గ్రూపులో పెట్టేముందు మీరే ఒకటి నింపి, నిజంగా కాగితం మీద ప్రింట్ తీసి చూడండి.