కార్డు ఉంది, బిళ్లలేవీ?

మీ ఊళ్లోనో మీ పేటలోనో మెడికల్ షాపు దగ్గర ఒక సాయంత్రం అరగంట నిలబడండి. కూలి డబ్బులు చేతికొచ్చే వేళ అది. ఒక పెద్దాయన చొక్కా జేబులోంచి నలిగిన చీటీ తీసి బల్ల మీద పెడతాడు. బీపీకి ఒకటి, షుగరుకు రెండు రకాలు. "నెలకిమ్మంటారా తాతా?" అంటాడు షాపతను. "ప్రస్తుతానికి నాలుగు రోజులకియ్యి నాయనా." కత్తెర పడుతుంది. పది బిళ్లల స్ట్రిప్పులోంచి నాలుగు తెగి ఆయన చేతికొస్తాయి. గడువు తేదీ అచ్చయిన ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఆ నాలుగూ అయిపోయాక మళ్లీ పని దొరికేదాకా ఆయన రక్తపోటు సంగతి అడిగే దిక్కుండదు. ఒకనాటి తెల్లవారుజామున మూతి వంకరపోతుంది, చెయ్యి పడిపోతుంది. అప్పుడు 108 వస్తుంది. అప్పుడు బీరువాలోంచి ఆరోగ్యశ్రీ కార్డు బయటికొస్తుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆ కార్డును నేను చిన్నచూపు చూడను. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆ పథకం ఎందరో పసివాళ్ల గుండెలకు ఆపరేషన్లు చేయించింది. పొలం అమ్మకుండా క్యాన్సర్ వైద్యం చేయించుకోవచ్చన్న ధైర్యం పేదింటికి మొదటిసారి ఇచ్చింది. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చేనాటికి మన దగ్గర అది పదేళ్లు దాటిన అనుభవం. 2023 డిసెంబరులో తెలంగాణ దాని పరిమితిని 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. మంచిదే. కానీ పరిమితి ఎంత పెంచినా అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగికే. చేరకముందు డాక్టరు ఫీజు, రక్తపరీక్ష, రోజూ మింగాల్సిన బిళ్ల ఇప్పటికీ జేబులోంచే. 2021-22 జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశంలో వైద్యానికి ఖర్చయ్యే ప్రతి 100 రూపాయల్లో 39 జనం సొంతంగా పెట్టుకున్నవే. 2013-14లో అది 64. తగ్గిందన్న మాట నిజం, ఆ తగ్గుదలకు పనిచేసిన వాళ్లకు దండం పెట్టాలి. మిగిలిన 39లో మందులదే పెద్ద వాటా. నాలుగు బిళ్లలు కొనుక్కున్న ఆ తాతగారి డబ్బు అందులోనే ఉంది.

డబ్బు లేదన్న కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని, దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. అప్పటికి మనకింకా స్వాతంత్ర్యం రాలేదు! 2025 నాటికి ప్రభుత్వాల ఆరోగ్య వ్యయాన్ని దేశ స్థూల ఉత్పత్తిలో 2.5 శాతానికి తెస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానం మాటిచ్చింది. 2021-22లో కేంద్రం, రాష్ట్రాలు కలిసి పెట్టింది 1.84 శాతం. ఇచ్చిన మాట అడిగి వసూలు చేసుకోవాల్సిన తరం మీదే.

సాధ్యమేనా అని నీరసపడేవాళ్లకు థాయ్‌లాండ్ సంగతి చెప్పండి. 1970ల్లో అక్కడ వైద్యవిద్య ముగించిన కుర్ర డాక్టర్లు తప్పనిసరి సేవ కింద పల్లె ఆసుపత్రులకు వెళ్లారు. వెళ్లి, చూసి, చలించి, అక్కడితో ఆగిపోలేదు. సంఘం కట్టుకున్నారు. వైద్యం కోసం ఇల్లూ పొలమూ తాకట్టు పెట్టే కుటుంబాలను కళ్లారా చూసిన ఆ తరంలోంచే సంగువాన్ నిత్యారంపోంగ్ అనే వైద్యుడు వచ్చాడు. అందరికీ వైద్యం అన్న ఆలోచనను ఏళ్ల తరబడి మోసి, లెక్కలు కట్టి, పార్టీల గుమ్మాలు ఎక్కి దిగాడు. పౌర సంఘాలు చట్టం కోసం 50 వేలకు పైగా సంతకాలు సేకరించాయి. 2002లో చట్టం వచ్చింది. 1997 ఆర్థిక సంక్షోభం దెబ్బ నుంచి ఆ దేశం ఇంకా పూర్తిగా తేరుకోని రోజులవి. ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా 30 బాత్‌లు, అంటే అప్పటి మన డబ్బుల్లో సుమారు 35 రూపాయలు కడితే చాలన్నారు. నిరుపేదల దగ్గర అదీ తీసుకోలేదు.

ఆ ఏర్పాటులో అసలు కీలకం డబ్బు ఇచ్చే తీరులో ఉంది. ఔట్‌పేషెంట్ వైద్యానికి ఒక ప్రాంతంలోని జనాభాను లెక్కగట్టి తలకింత చొప్పున అక్కడి ఆసుపత్రికి పన్నుల సొమ్ములోంచి ముందే ఇచ్చేస్తారు. జనం ఆరోగ్యంగా ఉంటే ఆసుపత్రికి డబ్బు మిగులుతుంది, కాబట్టి బీపీ ముదరకముందే బిళ్ల ఇవ్వడం దానికే లాభం. మన పథకాల్లో మాత్రం ఆపరేషన్ జరిగాక బిల్లు, బిల్లు తర్వాత నెలల తరబడి ఎదురుచూపు. బకాయిలు పేరుకుపోయాయని ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేసిన రోజులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చూశాం. ఆ రోజుల్లో కార్డు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డవాళ్ల తప్పేమిటి?

అంత దూరం పోనక్కర్లేదు, పక్కనున్న తమిళనాడును చూడండి. 1995 నుంచి ఒకే సంస్థ రాష్ట్రమంతటికీ టోకున మందులు కొని, నాణ్యత పరీక్షించి, ప్రభుత్వాసుపత్రులకు పంపుతోంది. మనకూ అలాంటి సంస్థలున్నాయి. అయితే జిల్లా గిడ్డంగి నుంచి మీ పీహెచ్‌సీకి షుగర్ మందు ఎన్నాళ్లకొకసారి వస్తోంది, ఎన్ని రోజులు అల్మరా ఖాళీగా ఉంటోంది? ఈ ప్రశ్న మీ మండలంలో ఎవరైనా అడిగారా?

"మాకు కంపెనీ ఇన్సూరెన్స్ ఉందిగా" అనే మిత్రులు హైదరాబాద్‌లో, బెంగళూరులో చాలామంది ఉన్నారు. ఉద్యోగం పోయిన నెలలో ఆ ఇన్సూరెన్స్ ఎటు పోతుందో ఆలోచించుకోండి. ఊళ్లో ఉన్న అమ్మానాన్నల వయసు గుర్తు తెచ్చుకోండి. వానలో బండి మీద మీకు భోజనం తెచ్చిచ్చే కుర్రాడికి ఈఎస్ఐ కార్డు ఎవరిచ్చారు? అందరికీ అంటే మీకు కూడా అని అర్థం. చదువుకున్నవాళ్లు, గొంతున్నవాళ్లు పీహెచ్‌సీ మెట్లు ఎక్కడం మానేశాక దాని బాగోగులు అడిగే నోరు లేకుండా పోయింది. నన్నడిగితే పీహెచ్‌సీల దుస్థితికి బడ్జెట్ ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

కాబట్టి కదలండి. మెడిసిన్ చదివే అమ్మాయిలూ అబ్బాయిలూ, పీహెచ్‌సీ పోస్టింగును పీజీ సీటు వచ్చేదాకా గడిపే కాలంగా చూడకండి. మీ ముందు కూర్చున్న రోగికి బీపీ చూసి, మందు రాసి, వచ్చే నెల రాకపోతే ఎందుకు రాలేదని ఆశా అక్కయ్య చేత కబురంపండి. లా చదివేవాళ్లకు పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసు తెలియాలి. రైలు నుంచి పడి తలకు గాయమైన ఒక కూలీని మంచాలు లేవని ఆసుపత్రి తర్వాత ఆసుపత్రి తిప్పి పంపితే, అత్యవసర వైద్యం అందించడం ప్రభుత్వ బాధ్యతనీ, నిరాకరిస్తే 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కును ఉల్లంఘించినట్లేననీ 1996లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పును తెలుగులో ఒక పేజీకి కుదించి ప్రతి క్యాజువాలిటీ గోడకూ అంటించే పని మీరు చేయలేరా?

మిగిలిన మీరందరూ సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు రాయండి. గడిచిన ఏడాదిలో మీ పీహెచ్‌సీలో బీపీ, షుగర్ మందులు ఎన్ని రోజులు లేవు, ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయి అని అడగండి. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు రావాలి. వచ్చిన కాగితాన్ని గ్రామసభలో, వార్డు సమావేశంలో గట్టిగా చదవండి. ఓటడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థి ముందూ అదే కాగితం పెట్టి, ఉచిత పరీక్షలు, నెలకు సరిపడా మందులు అందరి హక్కని చట్టం చేస్తారా అని అడిగి, జవాబు రాతలో తీసుకోండి. థాయ్ పౌరులు సేకరించింది 50 వేల సంతకాలు. మన ఒక్కో జిల్లాలో అంతకంటే ఎన్నో రెట్లు యువత ఉంది. ఈ ఆదివారమే ఒక నోటుపుస్తకం కొనండి, మొదటి సంతకం మీరు పెట్టి, పక్క వీధికి బయల్దేరండి.